ఫ్రోజన్ మోమో, మన కుడుము, ఒకే ఇడ్లి కుండ



పది దినాల ముందు మన గ్రూపులో ఒకరు ఒక ఫోటో వేశారు. ఫ్రిజ్‌లో ఒక మోమో పాకెట్టు. కింద "మన ఇళ్ళ వంట ఈ గతికి వచ్చింది" అని ఒక మాట. దాని కింద వరసగా తల పట్టుకున్న బొమ్మలు. తర్వాత వచ్చిన మాటలన్నీ ఆడవాళ్ళ మీదికే పోయాయి. కోడలికి ఒళ్ళు వంగదు, కూతురికి వంట రాదు, ఈ కాలపు పిల్లలు అంతే అని. ఆ మోమో ఎట్లా వండారు, రుచిగా వచ్చిందా అని ఒక్కరూ అడగలేదు. అందుకే మేము ఇంత పొడుగు రాయవలసి వచ్చింది. తీరిగ్గా చదవండి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఫ్రోజన్ తిండిలో తప్పు లేదు, దాన్ని చెడగొట్టి వండడంలోనే తప్పు ఉంది. దాన్ని బాగా వండే పనిముట్టు, పద్ధతి రెండూ మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నాయి. ఇంకో మాట. ఆ ఫ్రీజర్‌లో కంపెనీ మోమోకు చోటు ఉంటే, మన కుడుముకూ చోటు ఉండాలి. లేకపోతే ఇంకో ఇరవై ఏళ్ళకు మన ఇళ్ళలో మోమో మిగులుతుంది, కుడుము మిగలదు.

మోమో అంటే ఏమి? పల్చగా తట్టిన పిండి చిప్ప, లోపల కూర, ఆవిరిలో ఉడకబెట్టడం. కుడుము అంటే ఏమి? పల్చగా తట్టిన పిండి చిప్ప, లోపల పూర్ణం, ఆవిరిలో ఉడకబెట్టడం. అక్కడ మైదా, ఇక్కడ బియ్యప్పిండి. అక్కడ కారం, ఇక్కడ బెల్లం కొబ్బరి. మోమో టిబెట్, నేపాల్ వాళ్ళ తిండి. 1960 తర్వాత టిబెట్ వాళ్ళు మన పక్క రాష్ట్రం కర్ణాటకలో బైలకుప్పెలో వచ్చి స్థిరపడ్డారు. 2008లో కలకత్తాలో వావ్ మోమో అని ఒక కంపెనీ మొదలై ఊరూరా అంగళ్ళు పెట్టింది. ఇప్పుడు సాయంకాలమైతే చిన్న ఊళ్ళలో కూడా మోమో బండి ముందర పిల్లలు నిలబడుతున్నారు. చైనాలో జియావ్‌జి, జపాన్‌లో గ్యోజా, మహారాష్ట్రలో మోదకం, కన్నడం వాళ్ళకు కడుబు, ఆంధ్రాలో ఉండ్రాళ్ళు, జిల్లేడుకాయలు, పూర్ణం కుడుములు. తమిళంలో కొళుకట్టై. అందరూ ఒక కుటుంబమే. చుట్టం కొత్తగా ఇంటికి వస్తే ముఖం తిప్పుకోవడం మన వాడుక కాదు.

"గడ్డకట్టించడం కంపెనీవాళ్ళు కనిపెట్టిన మోసం" అని కూడా ఒకరు రాశారు. అదీ సరికాదు. రష్యాలో సైబీరియా ప్రాంతంలో పెల్మెని అని మాంసం పెట్టిన కుడుములు చేస్తారు. చలికాలం ముందు ఇంట్లో అందరూ కూర్చుని వందల లెక్కన చుట్టి, బయట మంచులో పెట్టి రాయిలాగా చేసి, సంచుల్లో కట్టి పెట్టుకునేవారు. దూర ప్రయాణం పోయేవాడు ఆ సంచి తీసుకుపోయి, ఆకలైనప్పుడు మరిగే నీళ్ళలో వేసుకుని తినేవాడు. చైనాలో ఉత్తరం వైపు జనం కూడా కొత్త సంవత్సరానికి ఇంటిల్లిపాదీ కూర్చుని చుట్టి, మిగిలినవి చలిలో పెట్టి దాచుకుంటారు. కంపెనీలు పుట్టక ముందే ఈ వాడుక ఉంది. వాళ్ళకు మంచు ఉంది, దాచారు. మనకు ఎండ ఉంది, వడియాలు, వత్తల్, ఊరగాయ దాచాం. ఇప్పుడు మన ఇంట్లోకి మంచుపెట్టె వచ్చింది. అంతే తేడా.

ఇక పనికి వద్దాం. ఫ్రోజన్ మోమో బాగా రావడానికి సగం పని అంగట్లోనే అయిపోతుంది. పాకెట్టు చేతిలోకి తీసుకుని ఒకసారి ఊపండి. లోపల గులకరాళ్ళలాగా గలగలమంటే మంచిది. అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దగా ఉంటే, ఎక్కడో దారిలో కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. పాకెట్టు లోపల మంచుపొడి ఎక్కువగా కనపడినా అదే కథ. అది కొనవద్దు. పాకెట్టు మీద మైనస్ 18 డిగ్రీలలో ఉంచాలని రాసి ఉంటుంది. రాత్రి కరెంటు బిల్లు మిగల్చాలని ఫ్రీజర్ ఆపేసి పోయే అంగడి ఒకటి మాకు తెలుసు, పేరు చెప్పం. పొద్దున పోయి చూస్తే అడుగున నీళ్ళు నిలిచి ఉంటాయి. అట్లాంటి చోట ధర తక్కువ అని కొంటే పోయేది కడుపే.

సామాన్లన్నీ కొన్న తర్వాత కడపట ఫ్రోజన్ పాకెట్టు తీసుకోండి. నాలుగు మడతల పేపర్లో చుట్టి సంచిలో పెట్టి, నేరుగా ఇంటికి రండి. మన ఒట్టన్‌చత్రం వాళ్ళకు ఇది నేర్పించాలా? మునక్కాయ కట్ట, టమాటా పెట్టె మన మార్కెట్టులో దిగిన గంటకే కేరళ లారీ ఎక్కకపోతే ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లకు కూడా తెలుసు. రైల్వే పార్సిల్ ఆఫీసులో కూడా చెడిపోయే సరుకుకే మొదటి వరస. ఆ బుద్ధినే ఈ పాకెట్టుకూ వాడండి.

ఇప్పుడు వండే పద్ధతి. మొదటి మాట, కరగబెట్టవద్దు. మనలో చాలామంది చేసేది ఇదే. పొద్దున తీసి బల్ల మీద పెట్టి, సాయంకాలం వండుతారు. అప్పుడు ఏమవుతుంది? లోపలి కూరలో ఉన్న మంచు నీళ్ళయి చిప్పలోకి ఇంకుతుంది. చిప్ప మెత్తబడి జిగురవుతుంది. ఎత్తితే అడుగు ఊడి తట్టలోనే ఉండిపోతుంది. కోడి మాంసం మోమో అయితే అన్ని గంటలు బయట ఉంచితే చెడిపోతుంది కూడా. కాబట్టి ఫ్రీజర్ నుంచి నేరుగా ఆవిరిలోకి. మధ్యలో స్టాపింగ్ లేదు.

రెండో మాట, కుండ ముందు, మోమో తర్వాత. ఇడ్లి కుండలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, మూతపెట్టి, ఆవిరి బుసబుసమని బయటికి వచ్చేదాకా కాచండి. అప్పుడే ఫ్రీజర్ తలుపు తెరవండి. చల్లటి నీళ్ళ మీద మోమో పెట్టి పొయ్యి వెలిగిస్తే, నీళ్ళు కాగేలోపల పైన మంచు కరిగి పిండి జావ అవుతుంది.

మూడోది, తట్టకు నూనె రాయండి. ఇడ్లి గుంటలో కాదు, చిల్లుల తట్టలో పెట్టండి. ఒక్కొక్క మోమో మధ్య ఒక వేలు ఎడం వదలండి, ఉడికితే ఉబ్బుతుంది. అరిటాకు ముక్క కింద పరిస్తే ఇంకా మేలు. కోసుకాకు, అదే క్యాబేజీ ఆకు పరిచినా మోమో అంటుకోదు, ఆ ఆకు కూడా తినొచ్చు. మన మార్కెట్టులో పై ఆకులు ఊరికే పారేస్తారు గదా.

నాలుగోది చాలా ముఖ్యం. మూతకు పల్చటి నూలుగుడ్డ కట్టండి. ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లయి కింద పడితే, పడిన చోట చిప్ప నానిపోతుంది. మోమో మీద తెల్లటి మచ్చలు, అంటుకునే మెత్తదనం వచ్చేది దానివల్లనే. మన అవ్వలు ఇడ్లి గుడ్డ మీద పోసినా, కుండ మూతికి వాసెన కట్టి కుడుము ఉడికించినా ఆ నీళ్ళ లెక్క తెలిసే చేశారు. వాళ్ళు చదవలేదు, కాని ఆవిరిని చదివారు.

ఐదోది, సమయం. పాకెట్టు మీద రాసిన నిమిషాలే చట్టం. మామూలుగా కూరగాయల మోమోకు 10 నుంచి 12 నిమిషాలు, కోడి మాంసానికి 12 నుంచి 15 పడుతుంది. మాంసం అయితే ఒకటి కోసి చూడండి. నడుమ పొగలు కక్కే వేడి ఉండాలి, ఎరుపు ఉండకూడదు. పొయ్యి ఆపిన తర్వాత రెండు నిమిషాలు మూత తీసి ఊరికే వదిలేయండి. పైచిప్ప కొంచెం బిగుస్తుంది, అప్పుడు ఎత్తితే చిరగదు. తొందరపడి చెంచా పెట్టి పెరికితే అడుగు తట్టకే నైవేద్యం.

ప్రెషర్ కుక్కర్లో వెయిట్ పెట్టి వండకండి, చిప్ప పగిలి కూర బయటపడుతుంది. మైక్రోవేవ్‌లో ఊరికే పెడితే అంచులు తోలులాగా అవుతాయి. అది తప్ప దారి లేకపోతే తడిగుడ్డ కప్పి పెట్టండి. నూనెలో వేయించేవాళ్ళకు ఒక హెచ్చరిక. మంచు అంటిన మోమోను కాగిన నూనెలో వేస్తే నూనె చిమ్మి చేయి, ముఖం కాలుతుంది. అడుగు కరకరమని, పైన మెత్తగా కావాలంటే జపాన్ వాళ్ళ దారి పట్టండి. దోసె పెనం మీద ఒక చెంచా నూనె వేసి మోమో పెట్టి, అడుగు ఎర్రబడగానే పావు గ్లాసు నీళ్ళు పోసి వెంటనే మూత పెట్టండి. నీళ్ళు ఇంకిపోయి చిటపట చప్పుడు మళ్ళీ వచ్చేదాకా వదలండి. మా ఇంట్లో దీనికి పణియారం సట్టి వాడతాం. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క చిన్న మోమో చక్కగా కూర్చుంటుంది.

పాకెట్టులో ఇచ్చే ఎర్ర సాస్ అక్కరలేదు. నాలుగు టమాటాలు, ఆరు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు ఉడికించి, ఉప్పు వేసి రుబ్బితే చాలు.

ఇంతదాకా మోమో. ఇప్పుడు మాకు నిజంగా పట్టిన సంగతి చెప్తాం.

మన ఇళ్ళలో కుడుము ఎన్నిసార్లు చేస్తున్నాం? వినాయక చవితికి ఒకసారి. ఆ ఒక్కరోజు కూడా ఇంట్లో ఒక ముసలామె తెల్లవారి నాలుగు గంటలకు లేచి, కొబ్బరి తురిమి, పాకం పట్టి, పిండి కలిపి, ఒక్కతే యాభై కుడుములు చుట్టి, పది గంటలకు అలసిపోయి కూర్చుంటుంది. మనం స్నానం చేసి వచ్చి "ఈసారి బెల్లం కొంచెం తక్కువ" అంటాం. కుడుము చేతికిస్తే పండగ అనేవాడి కథే మనది. ఆ పండగ వెనక ఎవరి నడుము నొప్పి ఉందో చూడం. ఆమెకు చేతకాని రోజు వస్తే? కోడలికి నేర్పడానికి ఆ తొందరలో వీలుండదు. తర్వాతి ఏడు కుడుము అంగడి నుంచి వస్తుంది. ఆ తర్వాతి ఏడు రాదు. ఇట్లా కుడుము మానేసిన ఇళ్ళు మన సంఘంలోనే ఎన్ని ఉన్నాయో మీరే వేళ్ళు మడిచి చూసుకోండి.

ఇంకో రకం ఇళ్ళు ఉన్నాయి. పిల్లలు కోయంబత్తూరులో, తిరుప్పూరులో, బెంగళూరులో. ఊళ్ళో ఒక్క పెద్దమనిషి, లేకపోతే ఇద్దరు. ఒక్క మనిషికోసం ఎవరైనా పూర్ణం కాచి కుడుములు చేస్తారా? చేయరు. ఆ ఇంట్లో పండగనాడు కూడా పక్కింటివాళ్ళు ఇస్తేనే కుడుము. ఈ రెండు రకాల ఇళ్ళకూ ఫ్రీజర్ ఉపకారం చేయగలదు. పరదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఇండియా అంగళ్ళలో ఫ్రోజన్ కొళుకట్టై, ఫ్రోజన్ మోదకం దొరుకుతున్నాయి. అక్కడ సాగేది ఇక్కడ ఎందుకు సాగదు?

పద్ధతి ఇది. పండగకు ఒక వారం ముందు ఆదివారం పెట్టుకోండి. రెండు గ్లాసుల సన్నటి బియ్యప్పిండికి, పిండిని బట్టి రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్ళు. నీళ్ళలో చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి తెర్లనిచ్చి, పిండిలో పోసి కట్టెతో కలిపి, మూతపెట్టి, చేయి తాళే వేడికి రాగానే బాగా పిసకండి. పూర్ణం పొడిగా ఉండాలి, ఇది గుర్తుపెట్టుకోండి. నీళ్ళున్న పూర్ణం గడ్డకడితే ఉబ్బి చిప్పను చీలుస్తుంది. కొబ్బరి, బెల్లం, ఏలకులు కలిపి, సట్టికి అంటుకోకుండా ముద్ద తిరిగేదాకా కాచి, పూర్తిగా చల్లార్చి పెట్టండి.

చుట్టి, ఆవిరిలో 8 నుంచి 10 నిమిషాలు ఉడికించి, చల్లార్చండి. పైన మన ఊరి వెన్న కాచిన నెయ్యి పల్చగా రాయండి. తట్టలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఫ్రీజర్లో పెట్టండి. రాయి అయిన తర్వాత సంచిలో వేసి, గాలి అదిమి బయటికి తోసి, మూతి కట్టి, తేదీ రాయండి. ముందే సంచిలో వేస్తే ఒకే ముద్ద అవుతుంది. కావలసినప్పుడు కావలసినన్నే తీసి, కరగబెట్టకుండా, మోమోకు చెప్పినట్టే మరిగే కుండలో 10 నుంచి 12 నిమిషాలు.

"ఫ్రిజ్‌లో పెట్టిన కుడుము గట్టిపడుతుంది గదా" అంటారు. నిజమే, కాని అది కింది అరలో పెడితే. ఉడికిన బియ్యప్పిండి ఆ చల్లదనంలో త్వరగా బిగుస్తుంది. రాత్రి ఇడ్లి పొద్దున రాయి అయ్యేది అందుకే. ఫ్రీజర్లో త్వరగా గడ్డకట్టిస్తే ఆ బిగువు చాలావరకు ఆగుతుంది. మళ్ళీ ఆవిరి తగిలితే పిండి మెత్తబడుతుంది. ఆవిరే ఇవ్వాలి, ఎండ కాదు, మైక్రోవేవ్ కాదు.

కరెంటు పోతే? తలుపు తెరవకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు రెండు రోజులు, సగం నిండింది ఒక రోజు తట్టుకుంటుందని లెక్క. ఒంటి తలుపు ఫ్రిజ్ లోపలి చిన్న డబ్బాను అంత నమ్మకండి. అందులో పెట్టింది వారంలో తినేయండి. కరిగిపోయి ఇంకా చల్లగా ఉంటే ఆరోజే ఉడికించి తినండి. మళ్ళీ గడ్డకట్టించవద్దు. వెచ్చబడి ఉంటే పారేయండి. కొబ్బరి పూర్ణం మొహమాటపడదు, త్వరగా పులుస్తుంది.

ఇప్పుడు ఆచారం మాట. "స్వామికి నిలవ పెట్టింది పెడతారా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. అడగడం న్యాయమే. మా జవాబు ఇది. స్వామికి 21 కుడుములు ఆ పొద్దునే కొత్తగా చేయండి. ఇరవై ఒకటి చేయడానికి ఒక గంట చాలు. చుట్టాలకు, పక్కింటికి, పిల్లలకు పంచే మిగతా వంద ఫ్రీజర్ నుంచి రానివ్వండి. దేవుడి లెక్కా తప్పలేదు, అమ్మ నడుమూ విరగలేదు. మంగళవారం రాత్రి ఆడవాళ్ళు చేసే ఔవై నోన్బు కుడుముల జోలికి మాత్రం మేము రాం. ఉప్పులేని ఆ కుడుములను మగవాళ్ళు చూడనూ కూడదు, తిననూ కూడదు. మాకు రుచే తెలియనిదానికి అభిప్రాయం ఎందుకు?

"చేతి రుచి పోతుంది" అంటారు కొందరు. చుట్టేది చేతులతోనే గదా. ఫ్రీజర్ చుట్టదు, నిలవ చేస్తుంది, అంతే. నిజానికి చేతి రుచి పోయేది ఆ చేయి ఒక్కటే అయినప్పుడు. ఆదివారం తీరిగ్గా చేస్తే ఇంకో నాలుగు చేతులకు అది వస్తుంది. పండగ పొద్దున ఎవరూ ఎవరికీ నేర్పలేరు. వారం ముందు నేర్పొచ్చు.

కాబట్టి వచ్చే చవితికి సంఘం సభ్యులను మేము అడిగేది ఇంతే. సంఘం డబ్బు ఒక్క రూపాయి వద్దు. చవితి ముందు ఆదివారం వీధికి నాలుగైదు ఇళ్ళు ఒక ఇంట్లో కలవండి. కొబ్బరి తురమడం, బెల్లం దంచడం, కుండ ఎత్తడం దించడం మగవాళ్ళ పని. పిండి పదును, పూర్ణం పదును చెప్పడం పెద్ద ఆడవాళ్ళ పని, వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టే చెప్పించండి. చుట్టడం కోడళ్ళు, కూతుళ్ళు, మనవళ్ళు, మనవరాళ్ళు అందరి పని. వంకరగా వచ్చినా ఉడుకుతుంది. పోయేటప్పుడు ఒక్కొక్క ఇంటికి ఒక సంచి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ ఇంటికి ముందు సంచి.

ఒక చిన్న పని చివరగా. మనం తమిళంలో చదివినవాళ్ళం. మన మనవళ్ళు ఇంగ్లీషులో చదువుతున్నారు. ఇంట్లో కూడా కొళుకట్టై అనే మాటే నాలుకకు ముందు వస్తుంది. ఆ మాటమీద మనకు కోపం లేదు, అదీ మన మాటే. కాని ఆ సంచి మీద తేదీ రాస్తారు గదా, దాని పక్కన తెలుగు అక్షరాల్లో "కుడుము" అని కూడా రాయండి. మూడే అక్షరాలు. ఫ్రీజర్ తెరిచిన పిల్ల అది ఏమిటని అడుగుతుంది. అడిగినప్పుడు చెప్పండి, చెప్తూ రెండు తీసి కుండలో పెట్టండి.